మంట తగ్గితే అమ్లపిత్తం తగ్గినట్లేనా?

మా అలియాబాద్‌లో నా వద్దకు వచ్చే రోగులలో ప్రతిదినమూ ఇద్దరు ముగ్గురైనా ఛాతీలో మంట, పులి త్రేన్పులు అని చెప్పుకొనేవారే. చుట్టుప్రక్కల పరిశ్రమలు వెలసిన తరువాత రాత్రిపాళీ ఉద్యోగాలు పెరిగాయి. అర్ధరాత్రి భోజనం, ఆ వెంటనే పడక. ఇక పిత్తం శాంతించేదెట్లా?

చరకుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా చెప్పలేదు. కాశ్యప సంహితలోను, మాధవ నిదానంలోను అమ్లపిత్తమునకు విడిగా అధ్యాయమున్నది. కొత్తగా వచ్చినది ప్రయత్నముతో నయమగుననీ, చిరకాలము నిలిచినది యాప్యమనీ, అనగా పథ్యౌషధాలతో అణచి ఉంచదగినదే గాని సమూలముగా పోవునది కాదనీ మాధవకరుడు హెచ్చరించాడు. గురుకులంలో ఈ మాట కంఠస్థం చేశాను. దాని బరువు మాత్రం ఒక రోగి వల్లనే తెలిసింది.

ఆయన యాభై ఎనిమిదేళ్ల వ్యాపారి. పొట్ట పెద్దది, సిగరెట్టు అలవాటున్నది. తొమ్మిదేళ్లుగా మంట. నేనిచ్చిన అవిపత్తికర చూర్ణం వాడినపుడు తగ్గేది, మానితే మళ్లీ వచ్చేది. ఒకనాడు వచ్చి, "మంట మొత్తం పోయింది పంతులుగారూ! కాని రొట్టె ముక్క దిగుతలేదు, నీళ్లు తాగితేనే దిగుతున్నది" అన్నారు. మొదటి మాటకు నేను సంతోషించాను, రెండవ మాటకు ఉలిక్కిపడ్డాను. ఎండోస్కోపీలో అన్ననాళం అడుగుభాగాన క్యాన్సర్ కనిపించింది. ఏడాదిన్నర బ్రతికారు. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా పరీక్షకు పంపకపోవడం నా లోపమే.

ఇందులోని మర్మం పాఠకులు గ్రహించాలి. ఆమ్లాన్ని తట్టుకొనే పొర జీర్ణాశయానికున్నది, అన్ననాళానికి లేదు. రెంటి నడుమ కవాటం వంటి కండరం సడలినప్పుడు ఆమ్లం పైకెగసి ఆ మెత్తని పొరను కాలుస్తుంది. ఏళ్ల తరబడి ఇట్లా జరిగితే కొందరిలో ఆ పొర ప్రేగు పొర వలె మారిపోతుంది. 1950లో దీనిని గూర్చి వ్రాసిన శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ పేరిటనే ఈ మార్పును పిలుస్తున్నారు. మారిన పొరకు మంట అంతగా తెలియకపోవచ్చు. రోగి నయమైనదనుకొంటాడు, వైద్యుడూ పొంగిపోతాడు!

అయితే త్రేన్పు వచ్చిన ప్రతివారూ భయపడనక్కరలేదు. తరచు ఆమ్లం ఎగదన్నేవారికి ఈ రకపు క్యాన్సర్ అవకాశం ఇతరులకంటె దాదాపు ఎనిమిది రెట్లని 1999లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అసలీ జబ్బే అరుదు గనుక ఎనిమిది రెట్లైనా కొద్దిమందికే. పొర మారినవారిలో సైతం ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి కాస్త పైమాటేనని 2011లో డెన్మార్కు లెక్కలు చెప్పాయి. మన దేశంలో అన్ననాళ క్యాన్సర్ ఎక్కువగా మరొక రకానిది. దానికి పొగాకు, మద్యం ముఖ్య కారణాలు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలనూ 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అనుమానితుల జాబితాలో చేర్చింది. పొగలు కక్కే చాయ్‌ని గుటుక్కున మ్రింగేవారు కొంచెం ఆగి త్రాగండి.

ఇంట్లో చేయదగినవి ఉన్నవి. పొట్టలో ఒక భాగం ఘనపదార్థానికి, ఒక భాగం ద్రవానికి, మూడవది దోషాల సంచారానికి విడువమన్నాడు చరకుడు. పడకకు మూడు గంటల ముందే భోజనం ముగించండి. దిండ్లు పేర్చితే పొట్ట మడతపడుతుంది. తలవైపు మంచంకోళ్ల క్రింద ఇటుకలు పెట్టడం మేలు. ఎడమప్రక్కకు తిరిగి పడుకొనే మన పెద్దల అలవాటు ఇక్కడ నిజంగా ఉపకరిస్తుంది. రాత్రి నానవేసిన ధనియాల నీరు కొందరికి హాయినిస్తుంది. చూర్ణం మాత్రం నెలల తరబడి సొంతంగా వాడరాదు; అందులో విరేచనకారియైన తెగడ ఉన్నది. వంటసోడా నీళ్లు రక్తపోటు ఉన్నవారికి ముప్పు. నడిస్తే వచ్చే ఛాతీ మంట, చెమటతో కూడిన మంట గుండెది కావచ్చును. దానికి ఏ కషాయమూ కాచవద్దు, వెంటనే ఆసుపత్రికి పొండి.

మ్రింగుటలో అడ్డు, కారణం లేకుండా బరువు తగ్గుట, రక్తపు వాంతి, తారువంటి నల్లని మలం, రక్తహీనత - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చూర్ణాలతో కాలయాపన చేయరాదు. ఐదేళ్లకు పైబడి మంట ఉండి, యాభై దాటిన పురుషులు, స్థూలకాయులు, పొగాకు వాడేవారు, ఇంట్లో ఈ జబ్బు చరిత్ర ఉన్నవారు మంట తగ్గినా ఒకసారి ఎండోస్కోపీ గూర్చి జీర్ణకోశ వైద్యుని అడగండి. మావైపు వారిని నేను సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికి పంపుతుంటాను. పొర మారినట్లు తేలితే వారిచ్చిన మాత్రలు మానకండి, చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించుకోండి. నా పథ్యం దానికి తోడు మాత్రమే.

పరీక్షనాడు ఉదయం చాయ్ కూడా త్రాగక, పరగడుపున వెళ్లాలి. గొంతుకు మత్తుమందు చల్లి సన్నని గొట్టం దించుతారు. సాధారణంగా పది పదిహేను నిమిషాల పని. తిరిగి వచ్చేటప్పుడు ఆ రిపోర్టు కాగితం నాకూ తెచ్చి చూపమంటాను.