పడినదేమి? మిగిలినదేమి?

(నాశనమును తెలుపు ఇంగ్లీషు క్రియలను గూర్చిన పాఠము)

మన సంఘములలో ఇంగ్లీషు చదువుకొనుచున్న బిడ్డలు నేడు అనేకులున్నారు. ఊరిలో ఎవరికి అర్జీ కావలసినను పెద్దలు వారియొద్దకే వచ్చుచున్నారు. ఆ బిడ్డలు నిఘంటువు తెరచి డిస్ట్రాయ్, డ్యామేజి, రూయిన్, డిమాలిష్, డెవాస్టేట్ అను మాటలను వెదకినయెడల అన్నిటికిని ఇంచుమించు ఒకటే అర్థము కనబడును: పాడుచేయుట, నాశనము చేయుట. అయితే ఇవి ఒకదాని స్థానములో మరియొకటి నిలువజాలవు.

మన భాషలోను ఇట్లే గదా! పాలు విరిగినవందుము, పచ్చడి బూజుపట్టినదందుము, గోడ కూలినదందుము, పైరు దెబ్బతిన్నదందుము. పాలు కూలినవనినయెడల చిన్నపిల్లవాడైనను నవ్వును. కావున ప్రతి మాటను గూర్చి రెండు ప్రశ్నలు అడుగుదము. పడినదేమి? మిగిలినదేమి?

1. డ్యామేజి, డిస్ట్రాయ్. గాలివానకు ఇంటికప్పు లేచిపోయి గోడలు నిలిచియున్నయెడల ఆ ఇల్లు డ్యామేజి అయినది, బాగుచేసికొనవచ్చును. గోడలతో కూడ నేలమట్టమైనయెడల అది డిస్ట్రాయ్ అయినది; మరల కట్టవలసినదే. ఈ రెండవ మాట లాటిను భాషనుండి వచ్చినది. కట్టినదానిని కట్టడము కాకుండ చేయుట అని దాని మూలార్థము. తుపాను తరువాత సర్కారువారు పూర్తిగా దెబ్బతిన్న ఇండ్లను, కొంతమట్టుకు దెబ్బతిన్న ఇండ్లను వేరుచేసి సహాయము నిర్ణయించుదురు. కప్పుమాత్రమే పోయిన ఇంటికి డిస్ట్రాయ్ అని వ్రాసినయెడల అది అబద్ధ సాక్ష్యము. పూర్తిగా కూలిన విధవరాలి ఇంటికి ఊరక డ్యామేజి అని వ్రాసినయెడల ఆమెకు రావలసినది తగ్గిపోవచ్చును. ఒక్క మాటలో ఒకరి గూడు ఇమిడియున్నది. మరియు మనుష్యునికి దెబ్బ తగిలినప్పుడు డ్యామేజి అనరాదు. దానికి ఇంజ్యూర్ అను వేరు మాట కలదు.

2. స్పాయిల్, రూయిన్. కూర పులిసిపోయినను, అతి గారాబముచేత బిడ్డ చెడిపోయినను స్పాయిల్ అందురు. రూయిన్ అనగా ఆకారము మిగిలి విలువ పోవుట. కోత అయిన తరువాత వాన కురిసి ధాన్యము మొలకెత్తినదనుకొనుడి. ధాన్యము కళ్లములో కనబడుచునేయుండును గాని కొనువాడుండడు. అప్పులచేత చితికిపోయిన రైతును గూర్చియు ఈ మాటనే వాడుదురు. 1565లో తల్లికోట యుద్ధము తరువాత కొల్లగొట్టబడిన విజయనగరపు శిథిలములను నేడు హంపిలో చూడవచ్చును. ఇంగ్లీషువారు వాటిని రూయిన్స్ అందురు. రాళ్లు మిగిలెను, రాజధాని మిగులలేదు.

3. డిమాలిష్, రెక్. డిమాలిష్ సాధారణముగా కావలెనని చేయుపని. పాత బడిని పడగొట్టి క్రొత్తది కట్టుటకు పూనుకొన్నప్పుడు ఈ మాట తగును. ఓడ బండకు కొట్టుకొని బ్రద్దలైనను, బస్సు చెట్టుకు గుద్దుకొని నుజ్జయినను రెక్ అందురు.

4. డెవాస్టేట్, డెసిమేట్, అనైహిలేట్. డెవాస్టేట్ అనగా ఒక వస్తువును గాక ఒక ప్రాంతమునంతటిని బీడుచేయుట. 1977 నవంబరు 19న దివిసీమమీదికి వచ్చిన ఉప్పెనలో వేలకొలది జనులు, పశువులు, ఇండ్లు, పంటలు కొట్టుకొనిపోయినప్పుడు జరిగినది ఇదే. అయినను నేల మిగిలెను. దివిసీమలో మరల వరి పండెను. డెసిమేట్ అను మాటలో పది అను సంఖ్య దాగియున్నది. రోమా సైన్యములో తిరుగబడిన దళమునకు శిక్షగా చీట్లువేసి పదిమందిలో ఒకనిని చంపించెడివారు. నేడు పెద్దభాగము చచ్చుట అను అర్థమున వాడుచున్నారు. అనైహిలేట్ అనునది అన్నిటికంటె ఘోరమైనది. ఏమియు మిగులకుండ శూన్యము చేయుట అని దాని భావము. గనుక చిన్న నష్టమునకు ఈ మాట వాడరాదు.

5. అబాలిష్, ఇరాడికేట్. ఇచ్చట మిక్కిలి శ్రద్ధగా చదువుడి. అబాలిష్ అను మాట వస్తువులకు గాని మనుష్యులకు గాని చెల్లదు. చట్టములకు, పద్ధతులకు మాత్రమే చెల్లును. 1948లో అప్పటి మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టము జమీందారీని అబాలిష్ చేసెను. భూమి పోలేదు, జమీందారు పోలేదు. అతని అధికారము పోయెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనమును గూర్చి ఈ మాటనే వాడినది.

ఇరాడికేట్ అనగా వేరుతో పెరికివేయుట. మశూచి రోగము లోకమంతటినుండి ఇట్లు పెరికివేయబడెనని 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభవారు ప్రకటించిరి. పోలియో మన దేశమునుండి తొలగినదని 2014లో నిర్ధారింపబడినను, లోకమంతటినుండి ఇంకను పోలేదు గనుక దానికి ఈ మాట ఇంకను చెల్లదు.

ఇప్పుడు మన రెండవ ప్రశ్న అడుగుదము. అంటరానితనము అబాలిష్ అయినది, మరి మిగిలినదేమి? చట్టము కొమ్మను నరికినది. వేరు హృదయములలో నున్నది. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు ముందుగా కులమడుగువారు మన మధ్యను లేరా? మొదటి మాట శాసనసభలో నెరవేరును. రెండవ మాట మన ఇండ్లలో నెరవేరవలెను.

6. ఇంగ్లీషు బైబిలులో. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు చదువువారు మరియొక సంగతి గమనింపవలెను. గ్రీకులో అపొల్లుమి అను ఒక్క క్రియ కలదు. మత్తయి 10:28లో దానిని డిస్ట్రాయ్ అనియు, యోహాను 3:16లో పెరిష్ అనియు, లూకా 15వ అధ్యాయములో గొఱ్ఱెను గూర్చి లాస్ట్ అనియు తర్జుమా చేసిరి. మన తెలుగులోను ఒకచోట నశించుట, మరియొకచోట తప్పిపోవుట అని యున్నది. కావున ఒక యౌవనుడు త్రాగుడుచేత రూయిన్ అయ్యెనని ఊరివారు చెప్పినప్పుడు, ఆ మాటతో అతని లెక్క మూసివేయకుడి. అదే క్రియ కాపరి వెదకబోయిన గొఱ్ఱెకును వాడబడియున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. చెదలు తినిన తలుపునకు, కాలిపోయిన గడ్డివామునకు ఏ యే మాటలు తగును? ఎందుచేత?

2. అబాలిష్, ఇరాడికేట్ అను మాటలకు భేదమేమి? మన ఊరిలో చట్టము తీసివేసినను వేరు మిగిలియున్నవి ఏవి?

3. పొరుగువానిని గూర్చి మనము వాడిన ఏ మాట, జరిగినదానికంటె పెద్దదైయున్నది?