గిజిగాడు – పందికొక్కు: పోలికలు, భేదాలు

ఈ రెండింటినీ మీరు చూసే ఉంటారు. ఒకటి ఈతచెట్టుకు గూడు కడుతది. ఇంకొకటి పొలం గట్టులో బొక్క తవ్వుతది. రెండూ మన వడ్లు తింటాయి. అందుకే పోల్చి రాస్తున్నాను.

పోలికలు:
1. రెండూ వెన్నెముక గల జంతువులే. రెండింటి గుండెలోనూ నాలుగు గదులుంటాయి.
2. రెండింటి పిల్లలూ పుట్టినప్పుడు కళ్ళు తెరవవు. ఒంటి మీద ఈకలు గాని వెంట్రుకలు గాని ఉండవు. తల్లి లేకపోతే బతకవు.

భేదాలు:
1. గిజిగాడు పక్షి. 2 నుంచి 4 తెల్లని గుడ్లు పెట్టి రెండు వారాలు పొదుగుతుంది. పందికొక్కు క్షీరదం. పిల్లల్ని కని పాలిస్తుంది.
2. గూడు అల్లేది మగ గిజిగాడు. గడ్డి పోచలు, ఆకు చీలికలు ముక్కుతోనే అల్లుతది. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తది. నచ్చితేనే ఉంటది. పందికొక్కు కాళ్ళతో, పళ్ళతో నేల తవ్వుతది. దాని ముందు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి.
3. గిజిగాడు గింజలు దాచుకోదు. పిల్లలకు పురుగుల్ని కూడా పట్టి పెడుతుంది. పందికొక్కు కంకులు కొరికి తీసుకపోయి లోపల గదుల్లో దాస్తది.

మాకున్నది రెండెకరాలే. పందికొక్కులు పడితే మా తిండి గింజలే తగ్గుతాయి. మా అమ్మకు చదువు రాదు. కానీ బొక్క ముందు కొత్త మట్టి ఉంటే లోపల పందికొక్కు ఉందని చెప్పేస్తది. నాన్న తవ్వుతాడు. దొరికిన కంకులు అమ్మ కడిగి, ఎండబెట్టి, దంచుతది. ఆ బియ్యం మాకు కొన్ని పూటలకు వస్తాయి.

కొందరు గింజలకు ఎలుకల మందు కలిపి గట్ల మీద చల్లుతారు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఆ మందు ఎలుకను చూసి, పిట్టను వదిలిపెట్టదు. గింజ తిన్న పిట్ట కూడా చస్తది. అప్పుడు దాని గూట్లో పిల్లలకు పురుగులు ఎవరు తెస్తారు? మందు పెట్టాల్సి వస్తే బొక్క లోపల పెట్టి, మట్టితో మూయాలి. ఆ మందు పెద్దవాళ్ళే పెట్టాలి, మనం ముట్టుకోకూడదు.

పిట్టలకు వడిసెల తిప్పి, డబ్బా కొడితే చాలు, పోతాయి. గూళ్ళు మాత్రం తెంపి ఆడుకోవద్దు, లోపల పిల్లలుండొచ్చు.

ప్రశ్న: మీ ఊళ్ళో పందికొక్కుల్ని ఎట్లా పడతారు? సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి, వచ్చే గోడపత్రికకు రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని