అసలు – నకలు: వెండితెరపై పొగబండి

ఆవిరి ఇంజనుతో నడిచే రైలును మన పెద్దలు పొగబండి అన్నారు. గుంతకల్లు జంక్షను గల అనంతపురం సీమకు ఆ పేరు కొత్త కాదు. వాన చినుకు అపురూపమైన ఈ పీఠభూమిలో, వేల లీటర్ల నీరు త్రాగే ఆ యంత్రాన్ని నడపడమే ఒక సాహసం. నేడది నిత్యప్రయాణాల నుండి తప్పుకొన్నది. వెండితెరపై మాత్రం ఇంకను వంతెనల మీదినుండి కూలుచునే ఉన్నది. అట్లు కూలే ఇంజనును చేతులతో నిర్మించుట మేలా, కంప్యూటరుతో చిత్రించుట మేలా? ఈ ప్రశ్ననే మేము ఇక్కడ పరిశీలింపదలచాము. ఇందుకు కావలసిన అసలు, నకలు, నమూనా అనే మూడు మాటలనూ తెలుగుకు ఉర్దూయే అందించినది.

మొదటి మార్గం అసలు ఇంజనునే కూల్చుట. 1926లో బస్టర్ కీటన్ ‘ది జనరల్’ చిత్రం కొరకు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో నిజమైన ఇంజనును మండుచున్న వంతెనపైకి నడిపించి నదిలో పడవేయించాడు. అటువంటి దృశ్యం ఒక్కసారే. పొరపాటు జరిగితే మరల తీయుటకు వీలుండదు.

రెండవ మార్గం చిన్న నమూనా. ఇందులో మన జిల్లాకు గర్వకారణం ఉన్నది. తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డి గారు 1957లో ‘మాయాబజార్’ తీసినపుడు, ద్వారకా నగరాన్ని చిన్న చిన్న నమూనా ఇండ్లతో నిర్మింపజేశారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దానిని మహానగరంగా చూపాడు.

కదలని నగరం కంటె కూలే ఇంజను కష్టమైనది. కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. 20 మీటర్ల ఎత్తునుండి పడే ఇంజను నేలను తాకుటకు సుమారు 2 సెకన్లు పట్టును. దానిని 16వ వంతు నమూనాగా చేసినచో ఎత్తు 1.25 మీటర్లు, పడుటకు పట్టు కాలం అర సెకను మాత్రమే. కనుక సెకనుకు 24 చిత్రాలకు బదులు 96 చిత్రాలు తీసి, మామూలు వేగంతో ప్రదర్శింపవలెను. అప్పుడే బొమ్మకు బరువు వచ్చును. అయినను నీటి బిందువులు, నిప్పు నాలుకలు నమూనాతో పాటు చిన్నవి కావు; గుట్టు అక్కడనే బయటపడును.

మూడవ మార్గం నిలువెత్తు నకలు. 2023లో విడుదలైన ‘మిషన్ ఇంపాజిబుల్’ చిత్రం కొరకు, కూల్చుటకే ఒక ఇంజనును నిర్మించి, 2021లో ఇంగ్లండులోని డెర్బీషైర్ రాతిగనిలో పడవేశారు. వడ్రంగి, వెల్డరు, రంగులవాడు – ఎందరి శ్రమయో క్షణంలో తుక్కైనది.

నాల్గవది కంప్యూటరు. 2022లో వచ్చిన రాజమౌళి గారి ‘ఆర్.ఆర్.ఆర్.’లో వంతెనపై రైలు పేలి మండే దృశ్యాన్ని మనమందరం చూచినాము. ఆ చిత్రపు విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు వి. శ్రీనివాస్ మోహన్ గారికి జాతీయ పురస్కారం లభించినది. ఇక్కడ మంట ఎవరినీ కాల్చదు. దృశ్యాన్ని ఎన్నిసార్లైనా దిద్దవచ్చును.

మా అభిప్రాయమిది. మనిషి ప్రాణానికి ముప్పున్న చోట కంప్యూటరే ధర్మం. తెరవెనుక కూలివాని ప్రాణం, తెరపై నాయకుని ప్రాణం సమానమే. అయితే కంప్యూటరుకు తనంత తానుగా బరువు తెలియదు. ఇంజను బరువెంత, ఆ బరువు ఎక్కడ కేంద్రీకృతమైనది, ఇనుము ఎట్లు వంగును అని మనిషి చెప్పవలెను. చెప్పలేనివాడు చిత్రించిన ఇంజను అట్టపెట్టెవలె తేలిపడును. ప్రేక్షకునికి సూత్రాలు తెలియకపోయినను కన్ను మోసపోదు.

విద్యార్థి మిత్రులారా! వానలు మోసగించిన ఏట మన పల్లెల యువకులు బెంగుళూరు, హైదరాబాదు దారి పట్టుచున్నారు. వారిలో కొందరు కంప్యూటరు చిత్రకళ నేర్వవచ్చును. సుత్తి పట్టిన తండ్రి విద్య ఇక పనికిరాదని వారు తలచరాదు. కార్ఖానాలో ఇనుపరేకును వంచిన చేతికి తెలిసిన సంగతులు ఏ పాఠ్యగ్రంథంలోను పూర్తిగా లేవు. ఆ చేతులు పనిచేయుచుండగానే, వారి చెంత కూర్చుండి అడిగి వ్రాసికొనుడు.