పరభాషలో ప్రేమపాట: కోస్గి యువగాయకుడికి ఒక లేఖ

కోస్గి



ప్రేమగీతాన్నే వృత్తిగా ఎంచుకోదలచిన యువగాయకుడు ముందుగా అధ్యయనం చేయవలసిన జీవితం ప్రతివాది భయంకర శ్రీనివాస్‌ది. 1930లో కాకినాడలో పుట్టిన ఆయన, వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆదరణతో మద్రాసు జెమిని స్టూడియోలో ప్రవేశించి, 1952 నాటి హిందీ చిత్రం ‘మిస్టర్ సంపత్’తో నేపథ్యగాయకుడయ్యారు. తెరమీద నటుడు పెదవి కదుపుతుండగా వినిపించే పాటనే నేపథ్యగానం అంటారు. ఆ తరువాత తమిళంలో జెమినీ గణేశన్‌కూ, కన్నడంలో రాజ్‌కుమార్‌కూ ఆయనే గొంతయ్యారు.

ఘంటసాల గంభీరనాదం తెలుగు తెరను ఏలుతున్న కాలంలో శ్రీనివాస్ బలం మంద్రస్థాయిలో, అంటే ఆధార షడ్జానికి దిగువనుండే స్వరాలలో ఉండేది. ప్రేమ చెవిదగ్గర చెప్పుకొనే మాట గనుక, చిన్న నిట్టూర్పును కూడా పట్టుకొనే మైకు ముందు గొంతు చించుకోవలసిన పని లేదు. మెత్తని గొంతు గలవాడు దాన్ని లోపంగా భావించి గట్టిగా పాడబోతే, ఉన్న మాధుర్యమూ పోతుంది.

అంతకన్న ముఖ్యమైనది భాష. స్పెయిన్ గాయకుడు హూలియో ఇగ్లేసియాస్ మాతృభాషతో ఆగక ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్ వంటి భాషలలోనూ ప్రేమగీతాలు పాడి ప్రపంచమంతటా అభిమానులను సంపాదించుకొన్నాడు. కోస్గి బిడ్డకు ఆ బహుభాషా సంపద పుట్టుకతోనే దక్కింది. కన్నడ సీమ పొరుగునే ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నేల కావటంవల్ల ఉర్దూ బజారు మాటలో కలిసిపోయింది. అయితే వినికిడితో వచ్చిన భాష గానానికి చాలదు. తెలుగు పాలు కన్నడంలో హాలు, పులి హులి అవుతాయి. ఉర్దూలో గొంతు లోపలినుంచి పలికే ఖ, గ లకు తెలుగు లిపిలో వేరే అక్షరాలు లేవు. శ్రీనివాస్ ఎనిమిది భాషలు అభ్యసించి, ఉర్దూలో గజళ్లు కూడా రాశారు. ప్రతి ద్విపద తనంతట తాను పూర్తి అర్థమిస్తూ, అంత్యప్రాసతో మిగతావాటిని కలుపుకొనే కవితను గజల్ అంటారు. దాన్ని రాయగలిగినవాడికి పాటలో మాట ఎక్కడ విరవకూడదో తెలుస్తుంది.

వృత్తిలో ఆటుపోట్లు తప్పవు. 1974లో ‘సంపత్తిగె సవాల్’లో రాజ్‌కుమార్ స్వయంగా పాడి మెప్పించారు. ఆపైన తన పాటలు ఎక్కువగా తానే పాడుకోవటంతో శ్రీనివాస్‌కు అవకాశాలు తగ్గాయి. అయినా జేబునిండా కలాలతో తిరిగే ఆ మనిషి కవిత రాయటం మానలేదు. 2013లో చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన గాయకుడిగానే కాక బహుభాషా కవిగానూ గౌరవం పొందారు. పాట ఇతరుల పిలుపుమీద ఆధారపడుతుంది. చదువు అలా కాదు.

కనుక యువగాయకుడు ఏ పాటనైనా వరస పట్టకముందే సాహిత్యాన్ని చేతితో రాసుకొని, ఆ భాష ఇంటిభాషగా గలవారి ముందు చదివి, తప్పు దిద్దించుకోవాలి. కన్నడ సీమలోని గురుమిట్కల్ నుంచి సంతకు వచ్చిన రైతు ఆ కన్నడం విని, పాడినవాడిది ఏ ఊరని అడగకుండా పాటలో మునిగిపోయిననాడు సాధన ఫలించినట్టు.

శుభాకాంక్షలతో,
పెద్దనాయిన