గేమ్‌బాయ్ పాటను బయటికి తీయడం ఎలా?

ప్రశ్న: మా అన్నయ్య పాత గేమ్‌బాయ్‌లోని సంగీతం ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హథ్‌ఖోజ్, భిలాయి

జవాబు: నిక్షేపంగా ఎక్కించుకోవచ్చు. కాకపోతే క్యాసెట్‌లోలాగా అందులో రికార్డయిన పాట ఉండదు. ఏ స్వరం ఎప్పుడు మోగాలో గేమ్ కార్ట్రిడ్జ్ చెబుతుంది, గేమ్‌బాయ్‌లోని చిప్ అప్పటికప్పుడు వాయిస్తుంది. 1989 నాటి ఆ చిప్‌కి ఉన్నవి నాలుగే గొంతులు. అందులో ఒకటి ఉత్త రొద. మీరు డ్రమ్ దెబ్బ అనుకునేది అదే! నాలుగు గొంతులతో అంత సంగీతం కట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి.

హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి 3.5 మి.మీ. వైరును కంప్యూటర్ లైన్-ఇన్‌కి కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, ఆ ఫైలును ఫోన్‌లోకి ఎక్కించుకోండి. స్పీకర్‌లో మోనోగా వినిపించేది ఇక్కడ స్టీరియోలో వస్తుంది. సౌండ్ సగానికే పెట్టండి, పెంచితే గరగరమంటుంది. ముందు కొత్త బ్యాటరీలు వేయండి. మీది గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ అయితే హెడ్‌ఫోన్ రంధ్రమే ఉండదు, విడిగా అడాప్టర్ కొనాలి.