గేమ్ బాయ్ ఎలా గెలిచింది? – పరిమితస్వామ్యంపై ఒక పరిశీలన

'పరిమితస్వామ్యం' అంటే కొద్దిమంది అమ్మకందారులే ఉన్న మార్కెట్ అని ఇంటర్మీడియట్‌లో నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ కొద్దిమంది ఎలా పోటీపడతారు? చేతిలో పట్టుకొని ఆడే వీడియో గేమ్ యంత్రాల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

నింటెండో 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు తయారుచేసే సంస్థగా మొదలైంది. 1965లో గున్‌పే యొకోయ్ అనే యువకుడు అక్కడ యంత్రాల మరమ్మతులు చూసే ఉద్యోగంలో చేరాడు. ఆయన సరదాగా చేసుకున్న ఆటవస్తువు యజమాని కంటపడింది. దాంతో ఆయన పని బొమ్మల రూపకల్పనకు మారింది. 1989లో ఆయన బృందమే 'గేమ్ బాయ్'ను తయారుచేసింది.

అదే ఏడాది అటారీ 'లింక్స్', 1990లో సెగా 'గేమ్ గేర్' వచ్చాయి. రెండింటివీ వెలుగునిచ్చే రంగుల తెరలు. గేమ్ బాయ్ తెరకు రంగులూ లేవు, వెలుగూ లేదు. అయినా గెలిచింది అదే! కారణాలు పరిశీలిద్దాం.

1. ధర: అమెరికాలో గేమ్ బాయ్ సుమారు 90 డాలర్లు. గేమ్ గేర్ 150, లింక్స్ 180 దాకా ఉండేవి.

2. వాడకపు ఖర్చు: గేమ్ బాయ్ 4 పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. మిగతావి 6 సెల్స్‌ను నాలుగైదు గంటల్లోనే ఖాళీ చేసేవి.

3. పూరక వస్తువులు: ఆటలు లేని యంత్రం సిరా లేని పెన్ను. అమెరికాలో 'టెట్రిస్' ఆటను గేమ్ బాయ్‌తో కలిపే అమ్మారు.

గేమ్ బాయ్, తర్వాత వచ్చిన దాని రంగుల రకం కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ అమ్మకాలు దాదాపు కోటి మాత్రమే. పాతబడి చవకైన సాంకేతికతను కొత్త తీరులో వాడడమే యొకోయ్ సూత్రం.

2004లో సోనీ 'పి.ఎస్.పి.'తో వచ్చినా, నింటెండో 'డి.ఎస్.' 15 కోట్లు దాటి ముందు నిలిచింది. అయితే 2007 తర్వాత స్మార్ట్‌ఫోన్ ప్రత్యామ్నాయ వస్తువుగా వచ్చి అందరినీ దెబ్బతీసింది. పోటీ ఎప్పుడూ తెలిసిన ప్రత్యర్థి నుంచే రాదని దీన్నిబట్టి గ్రహించాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఏ వస్తువు కొన్నా రెండు ప్రశ్నలు వేయండి: కొనడానికి ఎంత? వాడడానికి ఎంత? ఇక చదువు మాటకొస్తే, సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలతో చదువుతున్నామని చిన్నబోకండి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అవే పుస్తకాలతో పి.జి. దాకా వచ్చాను. చేతిలో ఉన్నదాన్ని ఎంత బాగా వాడుకున్నామన్నదే లెక్క.