పాయింట్ల పట్టికను కింది నుంచి చదవండి

చేర్యాల చుట్టుపక్కల బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పినంతగా ఫుట్‌బాల్ నేర్పలేదు. కానీ 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ సీజన్‌ను మాత్రం టీవీ ముందు కూర్చుని మొదటి మ్యాచ్ నుంచి ఆఖరి పెనాల్టీ దాకా వదలకుండా చూశాను. దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు ఎత్తిన ఏడాది అది. ఆ తర్వాత ఆ జట్టుకు పట్టిన గతీ చూశాను. పొద్దున్నే గ్రౌండుకు వచ్చే పిల్లలు "సార్, ఇన్నేండ్ల సర్వీసులో మీకేం తెలిసింది?" అని అడుగుతుంటారు. ఆ ఒక్క జట్టు కథను పక్కన పెట్టుకుని చెబితే నా మాట మీకు సులువుగా అందుతుందని ఇది రాస్తున్నాను.

1. మొదటి ఏడు చూసి ఎవరినీ కొలవకండి.

పుణె సిటీ జట్టు మూతపడ్డాక, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అక్టోబరులో కోల్‌కతాలో ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0-5తో చిత్తయింది. ఆ ఏడాది 18 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి రెండే. వచ్చినవి 10 పాయింట్లు, దక్కింది పది జట్లలో పదో స్థానం. సీజన్ నడుమనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సాగనంపారు. మరుసటి ఏడు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను డిఫెన్స్‌లో చెరోపక్క నిలబెట్టి, నమ్మి ఆడించాడు. 2020-21లో జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎగబాకింది. రెండు పాయింట్లు తగ్గి సెమీఫైనల్ చేజారింది. ఆ మరుసటి ఏడే కప్పు.

అందుకే పాయింట్ల పట్టికను కింది నుంచి చదవమంటాను. పైనున్న జట్టు ఇవాళ ఎలా ఉందో పట్టిక చెబుతుంది. అడుగునున్న జట్టు రేపు ఎలా ఉంటుందో మాత్రం దానికి తెలియదు. నేను మండల స్థాయి సెలక్షన్లు చేసినన్నాళ్లూ ఒక్క పూట ఆట చూసి పేర్లు రాసుకునేవాణ్ణి. ఆ పూట కాలు కుదరని పిల్లవాడు, జ్వరం నుంచి లేచి వచ్చినవాడు, కొత్త చోట బెదిరినవాడు జాబితాలో ఉండేవారు కాదు. వాళ్లు మళ్లీ వచ్చేవారూ కాదు. అందరూ చేసేది అదే కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎందరు మంచి ఆటగాళ్లు అట్లా బడి గేటు దాటిపోయారో లెక్క తేల్చే దారి ఇప్పుడు నాకు లేదు.

2. డ్రా అంటే చేతులెత్తేయడం కాదు.

మన ఊళ్లలో సంక్రాంతికి పెట్టే టోర్నమెంట్లకు ఓడినవాడు ఇంటికి పోవడమే అలవాటు. లీగ్ తీరు వేరు. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఓడినా మళ్లీ వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. 2020-21లో మార్కెజ్ జట్టు 20 మ్యాచ్‌ల్లో 11 డ్రా చేసుకుంది, ఓడింది మూడే. గెలవడం కంటే ముందు ఓడకుండా నిలబడటం నేర్చుకున్న ఏడాది అది. కప్పు గెలిచిన ఏడాది కూడా తొలి మ్యాచ్‌లో చెన్నైయిన్ చేతిలో 0-1తో ఓడింది. రెండో మ్యాచ్‌లో ముంబయి సిటీని 3-1తో కొట్టింది. మొత్తం 20 మ్యాచ్‌ల్లో 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు. 38 పాయింట్లతో రెండో స్థానం. 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ ఎత్తుకుపోయింది జంషెడ్‌పూర్. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌పై మొదటి అంచె 3-1తో గెలిచి, రెండో అంచె 0-1తో ఓడింది. మొత్తం కలిపితే 3-2. అంటే ఓడిపోయిన రాత్రే మన జట్టు ఫైనల్ చేరింది. ఒక్క రోజు ఫలితం చూసి కుంగిపోయే పిల్లలకు ఈ లెక్క మళ్లీ మళ్లీ చెప్పాలి.

3. పాత తప్పును మెడలో పలకలా వేలాడదీయకండి.

ఈ పాఠం దగ్గర కాసేపు ఆగుతాను. 2015 డిసెంబరు 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఐఎస్‌ఎల్ ఫైనల్ జరిగింది. ఎఫ్‌సీ గోవాకు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఆట చివరికొచ్చేసరికి గోవా 2-1తో ముందుంది, జనం పండుగకు సిద్ధమయ్యారు. 90వ నిమిషంలో పడిన గోల్ కట్టిమణి పేరున సెల్ఫ్ గోల్‌గా నమోదైంది. ఇంజ్యురీ టైమ్‌లో చెన్నైయిన్ ఇంకొకటి వేసింది. సొంత రాష్ట్రంలో, సొంత జనం ముందు కప్పు పోయింది.

2022 మార్చి 20. అదే ఫతోర్డా, మళ్లీ ఫైనల్. ఇప్పుడు కట్టిమణి హైదరాబాద్ గోల్ ముందున్నాడు, వయసు 32. కొవిడ్ వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. ఫైనల్‌కు మాత్రం జనాన్ని రానిచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పసుపు చొక్కాల కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. మాకది కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారం. రోడ్డంతా బండ్ల రద్దీ, ఇంటినిండా చుట్టాలు, డప్పుల మోతలో టీవీ మాట కూడా వినిపించలేదు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకు పోయింది. 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి బంతిని కిందపడీ పడకముందే తన్నాడు. అది వలలో పడింది. 1-1. అదనపు అరగంటలోనూ తేలక పెనాల్టీలకు పోయింది.

అప్పుడు చూడాలి ఆ మనిషిని. లెస్కోవిచ్ తన్నింది ఆపాడు. నిశు కుమార్ తన్నింది ఆపితే, కీపర్ గీత దాటాడని రెఫరీ మళ్లీ తన్నించాడు. అదీ ఆపాడు. తర్వాత జీక్సన్ సింగ్‌ది ఆపాడు. హాలీచరణ్ నర్జారీ ఆఖరిది వేయడంతో 3-1తో కప్పు మనదైంది. ఆరేండ్ల కింద ఏ గడ్డ మీద తలవంచాడో ఆ గడ్డ మీదే. నడుమ ఆ ఆరేండ్లూ ఎవరో ఒకరు అతన్ని నమ్మి గ్లౌజులు తొడిగించారు కాబట్టే ఆ రాత్రి అక్కడ నిలబడగలిగాడు.

నేనొకసారి జోనల్ పోటీల్లో గోల్ వదిలేసిన ఒక పిల్లవాణ్ణి జట్టందరి ముందూ నిలదీశాను. గొంతు పెంచితేనే భయం ఉంటుంది, భయం ఉంటేనే ఆట వస్తుందని నమ్మిన రోజులవి. వాడు చేతుల మట్టి దులుపుకుని నా ముఖంకేసి చూశాడు, ఏమీ అనలేదు. మరునాటి నుంచి ఆటల పీరియడ్‌లో పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చునేవాడు. పిలిస్తే "వద్దు సార్" అనేవాడు. ఆ ఫైనల్ చూస్తున్నంతసేపూ వాడే గుర్తొచ్చాడు. కోచ్ కావాలనుకునేవాళ్లు మీలో ఉంటే, తప్పు జరిగిన సాయంత్రం మీరు అనే మొదటి మాటను జాగ్రత్తగా ఎంచుకోండి.

4. ఎక్కడ నిలబడాలో తెలిసినవాడికి పరుగు సగం తగ్గుతుంది.

హైదరాబాద్‌కు ఆడిన నైజీరియా ఆటగాడు బార్తలోమ్యు ఒగ్బెచెకు, కప్పు గెలిచిన ఆ సీజన్ ముగిసేసరికి 37 ఏండ్లు. 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అతనిదే. అతను ఉరికేవాడు కాదు, మెల్లగా నడుస్తున్నట్టే ఉండేవాడు. బంతి వచ్చే చోట మాత్రం డిఫెండర్ కంటే ఒక అడుగు ముందుండేవాడు. మన పిల్లలు బంతి ఎటు పోతే అటు గుంపుగా ఉరుకుతారు. నేనూ "ఉరుకు, ఉరుకు" అనే అరిచాను. ఆగి చూడమని చెప్పలేదు.

5. దూరపు దీపం చూస్తూ ఇంటి దీపాన్ని మరిచిపోకండి.

క్లాసులో పీలే గురించి, మారడోనా గురించి గంటలకొద్దీ చెప్పాను. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మాత్రం చాలా ఆలస్యంగా ఎత్తాను. ఆయన మన హైదరాబాద్ మనిషి, పైగా బడిపంతులు. పాఠాలు చెబుతూ వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికే ఆయనను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు. ఆ తరం ఆటగాళ్లు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, వీళ్లంతా మన గల్లీల్లో బంతి తన్నినవాళ్లే.

రహీం గారి గురించి చదివినదాంట్లో ఒకటి నా మనసులో నాటుకుపోయింది. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారట. దీనికి పైసా ఖర్చు లేదు. గోల్‌పోస్టు లేని బడిలోనూ చేయొచ్చు. సామగ్రి లేదు, గ్రాంటు రాలేదు అని నేను ఫుట్‌బాల్‌ను పక్కన పెట్టిన ఏండ్లన్నిటికీ అది ఒక్కటే సమాధానం.

6. జీతం ఆగిన చోట ఆట సాగదు.

ఇది కఠినమైన పాఠం, దాచిపెట్టి లాభం లేదు. కప్పు గెలిచిన మరుసటి సీజన్‌లో హైదరాబాద్ 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో రెండు అంచెలూ 0-0, చివరికి పెనాల్టీల్లో ఓడింది. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత క్లబ్ డబ్బు కష్టాలు బయటపడ్డాయి. ఆటగాళ్ల బకాయిలు తీర్చనందుకు కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. పేరున్న ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. 2023-24లో మిగిలిన కుర్రాళ్లతోనే ఆడి, 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. కప్పు ఎత్తిన రెండేండ్లకే ఇదంతా. యాజమాన్యం చేతులు మారాక కూడా పుంజుకోలేదు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, పేరు సైతం మార్చుకుంది. పుణె స్థానంలో వచ్చింది, ఢిల్లీ పేరున పోయింది.

ఆ 8 పాయింట్ల సీజన్ ఆడిన కుర్రాళ్లను మాత్రం చిన్నచూపు చూడకండి. ఓడతామని తెలిసీ వారం వారం బూట్లు కట్టుకుని దిగారు. గచ్చిబౌలి స్టేడియంలో ఖాళీ కుర్చీల ముందు ఆడారు. ఆ కుర్చీల్లో ఒకటి నాది. చేర్యాల నుంచి పట్నం పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగల దూరమే. గెలిచిన రోజుల్లో "వచ్చే ఏడు పోదాం" అనుకున్నాను. ఓడిన రోజుల్లో టీవీ కూడా పెట్టలేదు.

7. గెలిచిన జట్టులో మనవాడెవడని అడగండి.

ఆ ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. గోవా, సిక్కిం, మణిపూర్, ఉత్తరప్రదేశ్, బెంగాల్, మహారాష్ట్రల పిల్లలు, విదేశాలవాళ్లు. వాళ్లను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, మన పేరు వేసుకుని మన కోసం చెమటోడ్చారు. మన ఊరి నుంచి అక్కడిదాకా దారి ఎందుకు లేదన్నదే నా బాధ.

మన చేర్యాల నకాషీ పటాన్నే తీసుకోండి. గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించిన బట్ట మీద, ఎర్రని నేపథ్యంలో, గజాల పొడవున కథ గీసేవారు. గీసేది నకాషీ, ఆ పటం విప్పి కథ చెప్పేది కూనపులివారో మందెచ్చులవారో, గింజలిచ్చి వినేది ఆ కథ ఏ కులానిదో ఆ కులస్తులు. ముగ్గురూ ఈ ఊళ్ల వాళ్లే. ఆ ముగ్గురూ ఉన్నన్నాళ్లు పటం నడిచింది. కథకులు తగ్గి, వినేవాళ్లు సినిమాలకు మళ్లాక, గజాల పటం కాస్తా గోడకు తగిలించే చిన్న బొమ్మగా మిగిలింది. రహీం గారి నాటి ఆటకు కూడా ఆ మూడూ ఉండేవి. ఆటగాడు గల్లీ పిల్లవాడు, పోలీసు శాఖ ఉద్యోగమిచ్చేది, చూసే జనం ఆ గల్లీల వాళ్లే. 2022 నాటి జట్టుకు మంచి కోచ్, మంచి ఆటగాళ్లు ఉండేవారు. ఆ రెండూ కొంతకాలానికి డబ్బుతో తెచ్చుకోవచ్చు. ఇంటి పిల్లలూ ఇంటి జనమూ కొంటే రారు. వాళ్లు లేని జట్టు సామాను సర్దుకుని పోతుంటే ఆపమని రోడ్డెక్కే మనిషి ఉండడు. మేమెవరమూ ఎక్కలేదు.

దారి పూర్తిగా మూసుకుపోయిందని అనను. హైదరాబాద్‌లో శ్రీనిధి దక్కన్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేండ్లూ రెండో స్థానంలో నిలిచింది. 2024 డిసెంబరులో, రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగాయి. 1956-57లోనూ, ఆ మరుసటి ఏడూ ఆ ట్రోఫీ గెలిచింది హైదరాబాదే. మన పిల్లలు అక్కడిదాకా చేరాలంటే, జిల్లా స్థాయిలో పన్నెండు, పదమూడేండ్ల పిల్లలకు ఏడాది పొడవునా సాగే లీగ్ కావాలి. ఒక్క పూట టోర్నమెంట్లు చాలవు. సిద్దిపేట, జనగామ, చేర్యాల, హుస్నాబాద్ బడులు నాలుగైదు కలిస్తే ఆదివారాల్లో మొదలుపెట్టొచ్చు. ఓడినవాళ్లు మళ్లీ వారం రావాలి, అదొక్కటే నియమం. ఆడపిల్లల జట్టు కూడా ఉండాలి. మ్యాచ్‌ల పట్టిక నేను రాసిస్తాను, విజిల్ పట్టుకుని నిలబడే ఓపిక ఇంకా ఉంది. గోల్‌పోస్టులకు వెదుళ్లు దొరుకుతాయి. వలలు నా పింఛన్లో కొనిస్తాను, కట్టుకోవడం మీ పని.